పదిహేను నిమిషాల గొంతు

కాలేజీలో ఆమెను అందరూ గంట మేడం అనేవారు. ఆ పేరు పెట్టిందెవరో తెలియదు కానీ, ఊరికే పెట్టలేదు. ఆమె పాఠం మొదలుపెట్టిందంటే పీరియడ్ చివరి నిమిషం దాకా ఆగేది కాదు. గొంతు కూడా ఖంగున మోగేది. మైకు అక్కర్లేదు. మూడో అంతస్తులో ఆమె 'దూలం' అంటే కింద సైకిల్ స్టాండులో వినపడుతుందని పిల్లలు చెప్పుకుని నవ్వేవారు. సివిల్ ఇంజనీరింగ్ రెండో ఏడాది వాళ్లకు ఆమె 'స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్' చెబుతుంది. దూలం మీద బరువు పెడితే లోపల ఏమవుతుంది, ఏ వైపు సాగుతుంది, ఏ వైపు నలుగుతుంది, ఎప్పుడు విరుగుతుంది, ఇదీ ఆమె పాఠం. ఇరవై రెండేళ్లుగా అదే చెబుతోంది, ఒక్క రోజు విసుగనిపించలేదు.

ఆ గొంతు ఒక మంగళవారం రెండో పీరియడ్‌లో పోయింది. కొన్నాళ్లుగా బొంగురుపోతూనే ఉంది. వేన్నీళ్లు తాగి, సర్దుకుంటుందిలే అనుకుని నెట్టుకొచ్చింది. ఆ రోజు బోర్డు మీద బొమ్మ గీసి, అరవై ఒక్క మంది వైపు తిరిగి నోరు తెరిస్తే గాలి వచ్చింది గానీ మాట రాలేదు. మళ్లీ ప్రయత్నించింది. చిరిగిన కాగితం గాలికి కొట్టుకున్నట్టు ఏదో చప్పుడయింది. ముందు బెంచీలో ఎవరో నీళ్ల సీసా అందించారు. ఆమె తాగి, సుద్దముక్క బల్ల మీద పెట్టి, చెయ్యి ఊపి క్లాసు వదిలేసింది.

గొంతు డాక్టరు సన్నటి కెమెరా లోపలికి దించి చూశాడు. స్వరతంత్రుల మీద రెండు బొడిపెలు లేచాయన్నాడు. పలుగు పట్టిన చేతికి కాయలు కాసినట్టే ఇదీ అని చెప్పాడు. రెండు వారాలు పూర్తిగా మౌనం. ఆ తర్వాత ఆరు నెలలు రోజుకు పదిహేను నిమిషాలు మాత్రమే మాట్లాడాలి, ఇంట్లో మాట్లాడేది కూడా అందులోనే. గుసగుసలు అసలే పనికిరావు, అవి ఇంకా చేటు. మాట వినకపోతే మాత్రం ఆ గొంతు మళ్లీ దక్కుతుందని తాను హామీ ఇవ్వలేనన్నాడు.

ఆమె భర్త రైలింజను డ్రైవరు. వారంలో నాలుగు రోజులు పట్టాల మీదే ఉంటాడు. ఇంట్లో మిగిలేది ఆమె, అత్తగారు. అత్తగారు ముప్పై ఏళ్లు కుట్టుమిషను మీద బతికిన మనిషి. బట్టలు కుట్టడమే కాక, వీధిలో సగం మంది ఆడపిల్లలకు కుట్టుపని నేర్పింది. ఇప్పుడు కళ్లు కాస్త మందగించినా కత్తెర మాత్రం వదల్లేదు. డాక్టరు చెప్పింది విని ఆవిడ వంటింట్లో గుడ్లు ఉడకబెట్టడానికి వాడే గంట గడియారం తెచ్చి కోడలి ముందు పెట్టింది.

"పదిహేను నిమిషాలకి తిప్పి పెడతాను. దీన్ని నువ్వెక్కడ ఖర్చుపెడతావో నీ ఇష్టం. నాతో పోట్లాడ్డానికి మాత్రం ఇందులో వాటా లేదు, ముందే చెబుతున్నా," అంది.

కోడలికి నవ్వొచ్చింది. నవ్వడానికి కూడా భయమేసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఆ రెండు వారాలూ ఆమె క్లాసులు కాంట్రాక్టు మీద పనిచేసే కుర్ర లెక్చరర్ తీసుకున్నాడు. తర్వాత విభాగానికి పెద్ద అయిన హెడ్ సార్ ఆమెను గదికి పిలిచాడు. ఆయన మంచివాడే. ఎవరితోనూ పేచీ పెట్టుకోకుండా రిటైరవ్వాలన్నది ఆయన కోరిక. పరీక్షల విభాగానికి మారిపొమ్మని సలహా ఇచ్చాడు. జవాబు పత్రాల కట్టలు, సీళ్లు, రిజిస్టర్లు, మాట్లాడే పనే ఉండదు, జీతం ఎక్కడికీ పోదు అన్నాడు. ఆమె సంచీలోంచి చిన్న నోటుపుస్తకం తీసి రాసి చూపించింది: 'ఒక్క సెమిస్టర్ ఇవ్వండి. నా క్లాసు నేనే చెబుతాను.'

"ఎలా చెబుతారు మేడం?" అని ఆయన జాలిగా అడిగాడు.

ఎలాగో ఆమెకూ అప్పటికి సగమే తెలుసు. ఆ సగం ఆస్పత్రి వరండాలో దొరికింది. తన వంతు కోసం ఎదురుచూస్తుంటే పక్క కుర్చీలో ఒక కుర్రాడు ఫోనులో వీడియోలు పైకి తోసుకుంటూ చూస్తున్నాడు. బొటనవేలు ఒక్క క్షణం ఆగదు. అలాంటిది ఒకచోట ఆగింది. ఎవరో పనివాడు గోడ తూకంగా లేచిందో లేదో దారం కట్టి చూపిస్తున్నాడు. నిమిషం కూడా లేదు. కుర్రాడు అది రెండుసార్లు చూశాడు. ఇరవై రెండేళ్లలో తన మాట రెండోసారి వినాలని ఎవరైనా అనుకున్నారా అని ఆమెకు ఆ కుర్చీలోనే అనుమానం వచ్చింది.

క్లాసులో ఫోను తీస్తే లాక్కునే కాలేజీ అది. హెడ్ సార్ తటపటాయించి, చివరికి ఆ ఒక్క సెక్షన్‌కు, ఆ ఒక్క సబ్జెక్టుకు అనుమతి రాసిచ్చాడు. ఏదైనా తేడా వస్తే తన పేరు బయటికి రాకూడదన్నాడు. ఆమె తలూపింది.

మొదటి వీడియో తీయడానికి ఆదివారం పొద్దున్నే కూర్చుంది. అత్తగారి కుట్టు బల్ల కిటికీ పక్కన ఉంటుంది, వెలుతురు బాగా పడుతుంది. ఫోనును రెండు దారపు ఉండల డబ్బాల మధ్య ఆనించింది. మాట్లాడటం మొదలుపెట్టింది. ముగించేసరికి ఆరున్నర నిమిషాలు. చూసుకుంటే తనకే బాగోలేదు. మళ్లీ తీసింది, అది అయిదు నిమిషాలు. మూడోది సగంలో ఉండగానే గడియారం గణగణమని మోగింది. ఆ రోజుకు గొంతు ఖాళీ. చేతిలో పనికొచ్చే ముక్క ఒక్కటీ లేదు.

అత్తగారు రెండో వీడియో మొత్తం చూసింది. చూసి, "ఇంతకీ ఏం చెప్పావమ్మా?" అని అడిగింది.

కోడలు నోటుపుస్తకంలో రాసింది: 'దూలం వంగినప్పుడు పైభాగం నలుగుతుంది, కిందిభాగం సాగుతుంది, మధ్యలో ఒక పొర మారదు.'

"మరి అది నాలుగో నిమిషంలో వచ్చిందేం? అందాకా గొంతు సవరించుకోడం, నిర్వచనాలు, ఆ పుస్తకంలో ఏముంది, ఈ పుస్తకంలో ఏముంది. ఇదంతా అంచు గుడ్డ. కత్తిరించి పారెయ్." ఆవిడ లోపలికెళ్లి పాత సోఫా దిండులోంచి ఒక పొడుగాటి స్పాంజి ముక్క కోసుకొచ్చి బల్ల మీద పెట్టింది. "అది చెప్పడమెందుకు, చూపించరాదూ?"

సోమవారం స్పాంజి పక్కభాగం మీద నల్ల పెన్నుతో నిలువు గీతలు గీసి, రెండు డబ్బాల మీద వంతెనలా పెట్టి, మధ్యలో వేలితో నొక్కింది. పైన గీతలు దగ్గరకు జరిగాయి. కింద విచ్చుకున్నాయి. నలభై ఎనిమిది సెకన్లలో పాఠం అయిపోయింది. అన్నేళ్లుగా రెండు పీరియడ్లు పట్టే పాఠమది. ఆమె ఆ వీడియో పదిసార్లు చూసుకుంది. సంతోషంతో పాటు, ఇన్నాళ్లూ ఇంత గొంతు ఎందుకు చించుకున్నానా అన్న దిగులు కూడా కలిగింది.

అక్కణ్ణించి బండి పరుగెత్తింది. రోజుకు ఒకటి, ఒక్కోసారి రెండు వీడియోలు తీసి నెట్‌లో పెట్టేది. చేతులే కనపడేవి, మొహం కనపడేది కాదు. కుట్టుపెట్టెలోని ఎలాస్టిక్‌తో సాగుదల చూపించింది. క్రాస్‌గా కత్తిరించిన గుడ్డ ఎలా పక్కకు ఒరుగుతుందో అత్తగారి చేతే లాగించింది. సూది గుచ్చుకోకుండా ఆవిడ వేలికి పెట్టుకున్న తొడుగు చూసి ఎవరో వీడియో కింద 'బామ్మగారికి నమస్కారం' అని రాస్తే, ఆవిడ రెండు రోజులు చెప్పుకుని మురిసిపోయింది. స్పాంజి వీడియోను నలభై వేల మంది చూశారు. ఎక్కడెక్కడి కాలేజీల పిల్లలో మెచ్చుకున్నారు. స్టాఫ్‌రూంలో సాటి లెక్చరర్లు 'సినిమా ఎప్పుడు విడుదల మేడం' అని ఆటపట్టించారు. ఆమె నవ్వి ఊరుకునేది. లోపల మాత్రం, బొంగురు గొంతుతో కూడా తాను గెలిచానన్న ధీమా వచ్చింది.

క్లాసులో పిల్లలు ఫోన్లలో వీడియో చూసేవారు. అర్థమైందా అన్నట్టు ఆమె చెయ్యి ఊపితే అరవై ఒక్క తలలూ ఊగేవి.

మొదటి పరీక్ష ఆ ఊగిన తలల సంగతి చెప్పింది. ముప్పై మార్కులకు అంతకుముందు ఏడాది సగటు పదిహేడు. ఈసారి పద్నాలుగు. అంతకంటే ఒక ప్రశ్న ఆమెను కుదిపేసింది. గోడలోంచి బయటికి చొచ్చుకొచ్చిన బాల్కనీ బొమ్మ ఇచ్చి, కాంక్రీటులో ఇనుప కడ్డీలు ఏ వైపు వెయ్యాలో గీయమంది. కాంక్రీటు నలుగుడును తట్టుకుంటుంది, సాగుడును తట్టుకోలేదు. అందుకే సాగే వైపు కడ్డీ వేస్తారు. బాల్కనీలో సాగేది పైభాగం. అరవై ఒక్క మందిలో నలభై మంది కడ్డీలు కింద గీశారు. ఆమె ఎర్రపెన్ను పట్టుకుని ఆ బొమ్మల వైపు చూస్తూ ఉండిపోయింది. కాగితం మీద కాబట్టి సరిపోయింది. ఆ నలభై మందీ నిజంగా కట్టి ఉంటే నలభై బాల్కనీలు కూలేవి.

మర్నాడు క్లాస్ లీడర్ స్టాఫ్‌రూంకి వచ్చింది. ఆ పిల్ల తండ్రి తాపీమేస్త్రీ. సన్నగా, నిటారుగా ఉంటుంది. మొహమాటం అన్న మాటే ఎరగదు. చేతిలో ఒక కాగితం ఉంది. హెడ్ సార్‌కి ఇవ్వబోయే ఫిర్యాదు అనీ, ముప్పై ఎనిమిది మంది సంతకాలు పెట్టారనీ, మేడంకు తెలియకుండా ఇవ్వడం మర్యాద కాదని ముందు ఇక్కడికి తెచ్చాననీ చెప్పింది. 'మాకు పాఠం చెప్పే మనిషి కావాలి, ఫోను కాదు' అని ఉంది అందులో.

గంట మేడం ఆ వాక్యం రెండుసార్లు చదివింది. కళ్లు చెమర్చాయి. పొద్దుట్నుంచి వాడని గొంతు ఉంది కనుక నోటుపుస్తకం తీయలేదు.

"కూర్చో. వీడియోలు బాగోలేవా?"

"బాగున్నాయి మేడం. అదే గొడవ," అంది ఆ పిల్ల. "చూస్తున్నంతసేపూ అంతా వచ్చేసినట్టే ఉంటుంది. పరీక్షలో కూర్చుంటే చెయ్యి కదల్లేదు."

"బాల్కనీ ప్రశ్నలో నువ్వు కడ్డీ ఎక్కడ వేశావు?"

ఆ పిల్ల తల వంచుకుంది. "కింద. మా నాన్న పనికి వెళ్తే వెనకాలే వెళ్లేదాన్ని మేడం. బాల్కనీకి కడ్డీ పైన కడతారని నాకు పదేళ్లప్పుడే తెలుసు. కానీ పరీక్షలో మీ స్పాంజే కళ్ల ముందుకొచ్చింది. అందులో కింద సాగింది కదా. దాన్ని చూసి నాకు తెలిసిందే తప్పనుకున్నాను."

నలభై వేల మంది మెచ్చుకున్న ఆ వీడియోయే, తెలిసిన పిల్లను తెలియనిదాన్ని చేసిందన్నమాట. గంట మేడం నాలుగు వారాలు గడువు అడిగింది. రెండో పరీక్షలో కూడా మార్కులు ఇలాగే ఉంటే ఆ కాగితం కింద తానే ముప్పై తొమ్మిదో సంతకం పెడతానంది. ఆ పిల్ల ఆలోచించి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచీలో దాచుకుంది. చింపలేదు.

ఇంటికొచ్చి జరిగింది అత్తగారికి రాసి చూపించింది. ఆవిడ కళ్లద్దాలు సవరించుకుని చదివి, ఆశ్చర్యపోకుండా తల పంకించింది.

"నా దగ్గరికి కుట్టు నేర్చుకోడానికి వచ్చే పిల్లలూ అంతే. నేను కుట్టి చూపిస్తుంటే ఓ, ఇంతేనా అనేవాళ్లు. స్టూలు మీంచి లేచి వాళ్లని కూర్చోబెడితే సూదిలో దారం ఎక్కేది కాదు. అందుకని సగం కుట్టి లేచిపోయేదాన్ని. మిగతా సగం వాళ్లు కుట్టాలి. పాడు చేస్తే, ఆ పాడు చేసింది నా ముందే విప్పాలి. విప్పడంలోనే వచ్చేది వాళ్లకి పని." ఆవిడ కాగితం తిరిగిచ్చేస్తూ, "నువ్వు స్టూలు మీంచి లేవట్లేదమ్మాయ్," అంది.

ఆ మాట ఆమెకు గుచ్చుకుంది, కానీ పట్టుకుంది కూడా. ఆ వారం వీడియోలు తీయడం సగానికి తగ్గించింది. తీసినవాటికి చివర కోసేసింది. స్పాంజి ఒక కొసను పుస్తకాల కింద బిగించి, రెండో కొసకు వేలు ఆనించి, 'ఇప్పుడు పైన గీతలు ఏమవుతాయి?' అని అడిగి, నొక్కకముందే ఆపేసింది. జవాబు లేదు. వీడియో కింద జనం విసుక్కున్నారు. ఎవరో 'సగం వీడియో పెట్టారేంటి' అని కోప్పడ్డారు. చూసేవాళ్ల సంఖ్య వేలనుంచి వందలకు పడిపోయింది. ఆమె పట్టించుకోలేదు.

క్లాసుకు ఒక బస్తాడు స్పాంజి ముక్కలు మోసుకొచ్చింది. వీడియో ఎవరింట్లో వాళ్లు చూసి రావాలి. క్లాసులో ఇద్దరికొక ముక్క, ఒక కాగితం. ముందు ఏమవుతుందో గీయాలి, తర్వాతే నొక్కి చూడాలి. ఆమె బెంచీల మధ్య ఎర్రపెన్ను పట్టుకుని తిరిగేది. మాట్లాడదు. తప్పు కనపడితే అక్కడ ఒక చుక్క పెట్టి ముందుకెళ్లేది. ఆ చుక్క ఎందుకో కనుక్కోవడం వాళ్ల పని. మొదట్లో క్లాసు సంతలా ఉండేది. పక్క గదిలోవాళ్లు హెడ్ సార్‌కి చెప్పుకున్నారు కూడా.

ఇంకో పని పెట్టింది. ప్రతివారం అయిదుగురు తాము చేసిన ఒక తప్పును నిమిషం వీడియోగా తీయాలి. ఏం తప్పు చేశాను, ఎందుకు అలా అనుకున్నాను, ఎక్కడ దొరికిపోయాను, ఇవి చెప్పాలి. అవి లోకానికి కాదు, క్లాసు గ్రూపుకు మాత్రమే. మొహం చూపించక్కర్లేదు, చేతులు చాలు. ఎవరూ ముందుకు రాలేదు. తప్పును చాటింపు వేసుకోవడానికి ఎవరికి ఇష్టం? వారమంతా గడిచిపోయి, శుక్రవారం సాయంత్రం గ్రూపులో మొదటి వీడియో కనిపించింది. సిమెంటు అంటిన ఇంటి గచ్చు మీద ఒక కాగితం, దాని పక్కన రెండు సన్నటి చేతులు. క్లాస్ లీడర్ గొంతు: 'నేను బాల్కనీ కడ్డీ కింద వేశాను. ఎందుకంటే బొమ్మ గుర్తుపెట్టుకున్నాను గానీ, బరువు ఎటు లాగుతుందో చూడలేదు.' తర్వాత తండ్రి తెచ్చిన ఇనుప తీగ ముక్కతో ఎటు లాగుతుందో చూపించింది. చివర ఒక మగ గొంతు పక్కనుంచి 'అదీ' అంది. అది మేస్త్రీ గొంతు.

ఆదివారం చూస్తే ఆ వీడియో చూసినవాళ్లు అరవై ఒక్కరని ఉంది. క్లాసులో ఉన్నది అంతమందే. ఆ అంకె చూసి గంట మేడం కళ్లు మూసుకుని కూర్చుంది. నలభై వేలు చూసినప్పుడు కూడా ఆమెకు ఇంత నెమ్మదిగా ఊపిరి ఆడలేదు.

తర్వాతి వారం తొమ్మిది వచ్చాయి. ఒక కుర్రాడు తన తప్పు చెప్పబోతూ మధ్యలో ఆగి, 'లేదు, ఆగండి, ఇప్పుడు కూడా తప్పే చెబుతున్నాను' అన్నాడు. అది క్లాసంతా చెప్పుకుని నవ్వారు. వాడు కూడా నవ్వాడు, మళ్లీ తీశాడు.

రెండో పరీక్ష సగటు ఇరవై. పదకొండు మంది ఈసారీ తప్పారు. వాళ్లెవరో ఆమెకు తెలుసు. ఎవరి కాగితం మీద ఎక్కడ చుక్కలు పెట్టిందో కూడా గుర్తుంది. క్లాస్ లీడర్ ఆ ఫిర్యాదు కాగితం తెచ్చి ఆమె బల్ల మీద పెట్టి, "ఇది మీ దగ్గరే ఉంచండి మేడం," అంది. అంతకుమించి పొగడలేదు. ఆ పిల్లకు అది చేతకాదు.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. కాలేజీ డైరెక్టర్ గారు స్పాంజి వీడియో చూశారని, మెచ్చుకుంటున్నారని హెడ్ సార్ మొహం వెలిగించుకుని చెప్పాడు. గురువారం సమావేశం ఉందన్నాడు. మిగతా సంగతి కాస్త నీళ్లు నమిలి చెప్పాడు. వచ్చే సెమిస్టర్ నుంచి మూడు సెక్షన్లు కలిపి పెద్ద హాలులో కూర్చోబెడతారు. తెర మీద ఆమె వీడియోలు వేస్తారు. హాజరు తీసుకోవడానికి ఒక మనిషి చాలు. కాంట్రాక్టు లెక్చరర్‌ను కొనసాగించనక్కర్లేదు. "మీకు మంచిదే కదా మేడం. అసలు గొంతు విప్పే పనే ఉండదు," అన్నాడు.

ఆమె ఒళ్లు భగ్గుమంది. కానీ ఆ రోజు పదిహేను నిమిషాలూ అయిపోయాయి. తలుపు దగ్గర ఎదురైన కుర్ర లెక్చరర్‌కు అప్పటికే విషయం తెలుసని వాడి మొహమే చెబుతోంది. తాను మూగగా ఉన్న రెండు వారాలూ తన క్లాసు మోసినవాడు. ఆమె వాడి భుజం తట్టి వెళ్లిపోయింది.

గురువారం పొద్దున లేచింది మొదలు ఆమె పెదవి విప్పలేదు. అత్తగారు పిలిస్తే చేత్తోనే జవాబిచ్చింది. క్లాసులో చుక్కలే పెట్టింది. మధ్యాహ్నం మూడింటికి సమావేశం గదిలోకి వెళ్లేసరికి పదిహేను నిమిషాలూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. పొడుగాటి బల్ల, ఆ చివర డైరెక్టర్ గారు, చుట్టూ తొమ్మిది మంది. ఆయన ఆమెను మెచ్చుకుంటూ మాట్లాడారు. కాలం మారిందనీ, ఈ మేడంలాంటి వాళ్లే దారి చూపాలనీ అన్నారు. హెడ్ సార్ తలూపాడు. అభ్యంతరాలు ఏమైనా ఉన్నాయా అని ఆయన మాటవరసకు అడిగారు.

ఆమె లేచి నిలబడింది.

"ఉన్నాయి సార్," అంది. రెండు నెలలుగా ఆ గొంతు వినని వాళ్లు తలలు తిప్పారు. మునుపటి గొంతు కాదు అది. చిన్నగా, గరుకుగా ఉంది. వినాలంటే అందరూ ముందుకు వంగాల్సి వచ్చింది, వంగారు.

రెండు మార్కుల జాబితాలు బల్ల మీద పరిచింది. మొదటి పరీక్షకు ముందు పిల్లలు ఇరవై రెండు వీడియోలు చూశారని, సగటు పద్నాలుగు అని చెప్పింది. రెండోదానికి ముందు చూసినవి తొమ్మిదే, సగటు ఇరవై. వీడియోలే చదువు చెబితే ఈ అంకెలు అటూఇటూ తారుమారై ఉండాలి కదా అంది. నలభై బాల్కనీల సంగతి చెప్పింది. కట్టలోంచి ఒక పాత జవాబు పత్రం తీసి, కింద గీసిన కడ్డీని ఆయనకు చూపించింది. డైరెక్టర్ గారు సివిల్ ఇంజనీరే. ఆ బొమ్మ చూసి కనుబొమలు ముడిచారు.

"వీడియో నా పాఠం కాదు సార్. పిల్ల ఇంటి దగ్గర చూసి, ఒక ప్రశ్న పట్టుకుని క్లాసుకి రావడానికి అది. పాఠం ఆ తర్వాత మొదలవుతుంది. వాళ్లు గీస్తారు, తప్పు చేస్తారు, ఆ తప్పు ఎవరో ఒకరు చూడాలి. యాభై అయిదు నిమిషాల్లో నేను ముప్పై చిల్లర కాగితాలు చూడగలను. ఇద్దరికొకటి కాబట్టి క్లాసంతా సరిపోతోంది. నూట ఎనభై మందిని ఒక హాల్లో కూర్చోబెడితే ఎవరు చూస్తారు? హాజరు తీసుకునే మనిషా?"

ఒకాయన, మరి మీ గొంతు బాగోలేదు కదా అని నసిగాడు.

"నా గొంతు లేకపోయినా క్లాసు నడిచింది సార్. నా కళ్లు లేకపోతే నడవదు. పైగా ఆ కాంట్రాక్టు లెక్చరర్ కళ్లు కూడా తగ్గిస్తానంటున్నారు మీరు. నా వీడియోలు దానికి వాడితే, అన్నీ తీసేసి సుద్దముక్క పట్టుకుంటాను. గొంతు పోతే పోనివ్వండి."

డైరెక్టర్ గారు హెడ్ సార్ వైపు తిరిగి, మీరేమంటారని అడిగారు. ఎవరితోనూ పేచీ వద్దనుకునే ఆ మనిషి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకున్నాడు. "పక్క గదిలోవాళ్లు గోల అని ఫిర్యాదు చేస్తే నేను వెళ్లి చూశానండి," అన్నాడు చివరికి. "గోల నిజమే. అంతా పాఠం గురించే గోల. నా సర్వీసులో అలాంటిది వినలేదు." ఆ రెండు ముక్కలకే ఆయనకు చెమటలు పట్టాయి.

అంతా ఆమె అనుకున్నట్టు తేలలేదు. మూడు సెక్షన్లు కలిపే ఆలోచనను ఒక ఏడాది వాయిదా వేశారు, మానుకోలేదు. కుర్ర లెక్చరర్‌ను ఆ ఏడాదికి ఉంచారు. బదులుగా మిగతా రెండు సెక్షన్లలో కూడా ఈ పద్ధతిలోనే చెప్పించాలనీ, ఫలితాలు చూశాకే మళ్లీ మాట్లాడదామనీ డైరెక్టర్ గారు షరతు పెట్టారు. ఆమె సరేనంది. అప్పటికి పదకొండు నిమిషాలు ఆపకుండా మాట్లాడింది. బయటికొచ్చేసరికి గొంతులో మంట రేగింది. తర్వాత మూడు రోజులు ఒక్క మాట కూడా ఆడలేదు. అత్తగారు మాత్రం జరిగిందంతా అక్షరం పొల్లుపోకుండా రాయమని కూర్చోబెట్టి, కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివింది. చదివి, ఆ కాగితం మడిచి తన బట్టల పెట్టెలో పెట్టుకుంది.

సెమిస్టర్ చివర్లో డాక్టరు మళ్లీ కెమెరా దించి చూశాడు. ఒక బొడిపె కరిగింది, రెండోది చిన్నదయింది. ఇక రోజుకు నలభై నిమిషాలు మాట్లాడొచ్చన్నాడు, నెమ్మదిగా. మునుపటిలా గంటసేపు పాఠాలు మళ్లీ మొదలుపెడతారా అని అడిగాడు. ఆమె లేదని తల అడ్డంగా ఊపింది. ఇంటికి వచ్చే బస్సులో ఆ అదనపు ఇరవై అయిదు నిమిషాలు ఎక్కడ పెట్టాలో లెక్క వేసుకుంది. దిగేలోపే తేలిపోయింది.

మర్నాడు నోటీసు బోర్డు మీద రెండు పరీక్షలూ తప్పిన ఆ పదకొండు మందికీ కబురు పెట్టింది. క్లాసయ్యాక ఒక్కొక్కరే రావాలి, కాగితం తెచ్చుకోవాలి, ఫోను అక్కర్లేదు. మొదట వచ్చినవాడు వెనక బెంచీలో కూర్చుని సెమిస్టరంతా నోరు మెదపని కుర్రాడు. తిట్లు తప్పవనుకున్నాడేమో, గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆమె పక్కన కుర్చీ లాగి చూపించింది. వాడు కూర్చున్నాక కాగితం ఇద్దరి మధ్యా పెట్టి, తన ఎర్రపెన్ను వాడి చేతికిచ్చింది.

"ఎక్కడ ఆగిపోయావో అక్కణ్ణించి చెప్పు," అంది. "తొందరేం లేదు. నేను వింటాను."